నన్నారి నీళ్లలో నిమ్మకాయ

చదివేవాళ్లకు ముందే చెప్పుకుంటున్నాను. నేను ఐదో తరగతి దాటలేదు. అదీ ధర్మవరంలో, మగ్గం చప్పుడు పక్కన కూర్చుని చదివిన చదువు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. బ్యాంకులో సంతకం పెట్టడానికే రెండు కాగితాలు పాడుచేస్తాను, ఇక ఇంత రాయాలంటే ఎట్లా ఉంటుందో చూడండి. "నువ్వు బండి కాడ మాట్లాడినట్లే రాయమ్మా, తప్పులు నేను చూసుకుంటా" అంది మా అమ్మాయి. ఆమె చూసిన చోట బాగుంటుంది. చూడని చోట నా రాత నా రాతే. సర్దుకుని చదవండి.

మాది పెనుకొండలో షర్బత్ బండి. బస్టాండు నుంచి బయటికి వస్తే ఎడమ పక్కన వేపచెట్టు కింద ఉంటుంది. ఎండాకాలం వస్తే మాకు తీరిక ఉండదు. నేను గ్లాసులు కడుగుతాను, సబ్జా గింజలు నానబెడతాను, వచ్చినవాళ్లతో మాట్లాడతాను. షర్బత్ కలిపేది మా ఆయన. ఆయనకు ఒక పట్టుదల ఉంది. నిమ్మకాయ పిండకుండా ఒక్క గ్లాసు కూడా చేతి నుంచి కదలనివ్వడు. "పులుపు వద్దప్పా, పళ్లు జివ్వుమంటాయి" అని ముసలివాళ్లు అడిగినా నాలుగు చుక్కలన్నా వేసి ఇస్తాడు.

మేము అమ్మేది నన్నారి. హిందూపురం అవతల నుంచి వచ్చే కన్నడం వాళ్లు దీన్ని సొగదె బేరు అంటారు. కొందరు సుగంధిపాల అంటారు. నేల మీద పాకే సన్నటి తీగ, ఆకు మీద తెల్లగా చార ఉంటుంది. పైన చూస్తే ఏమీ ఉండదు, అంతా వేరులోనే. కదిరి, గాండ్లపెంట దిక్కు గొర్రెలు కాసేవాళ్లు గుట్టల్లో తవ్వి తెచ్చి ఇస్తారు. ఆ వేరు మట్టి పోయేట్టు కడిగి, రాతి మీద మెల్లగా కొడితే లోపలి పుల్ల ఊడి వస్తుంది. పుల్ల పారేసి పై బెరడు నీడలో ఆరబెడతాము. కచ్చాపచ్చాగా దంచి, సాయంత్రం నానబెట్టి, తెల్లారి సన్నమంట మీద కాస్తాము. ఆ కాచేటప్పుడు మా వీధంతా వాసన. పక్కింటివాళ్లు పిల్లలకు నీళ్లు పోయడం ఆపి మరీ ముక్కు ఎగబీలుస్తారు.

ఈ పని నాకు మా అత్త నేర్పింది. పనితోపాటు చెప్పాల్సిన మాటలు కూడా నేర్పింది. "ఒంటికి చలువ, రక్తం శుభ్రమయితాది, మూత్రం మంట పోతాది." నేను బండి దగ్గర నిలబడిన రోజు నుంచి అవే మాటలు చెబుతూ వచ్చాను. దేవుడికి దండం పెట్టినంత సులభంగా నోట్లో నుంచి వచ్చేవి.

మా బండి దగ్గర ఆగకుండా పోని బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. హిందూపురం మనిషి. బస్సు నిలబెట్టి దిగగానే మా దగ్గరికే వస్తాడు. మాట మాత్రం ఎకసెక్కం. ఒక రోజు నేను ఎవరికో రక్తం శుభ్రమవుతుందని చెబుతుంటే మధ్యలో అందుకున్నాడు.

"ఏమక్కా, రక్తం శుభ్రమయితాదంటావు. యాడ చూసినావు? లోపలికి తొంగి చూసినావా?"

నిలబడినవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. "తాగే గ్లాసు కింద పెట్టబ్బా, ఇంగ నీకు మురికి రక్తమే మేలు" అన్నాను. అప్పటికి నెగ్గాను. కానీ ఆ మాట నాతోనే ఇంటికి వచ్చింది. నిజమే కదా, ఎవరు చూశారు? మా అత్త చూసిందా? ఆమెకు చెప్పినవాళ్లు చూశారా? ఎండలో అలిసి వచ్చినవాళ్లకు నేను చెప్పే మాటలో ఉన్నదెంత?

మా అమ్మాయి హిందూపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది, ఆదివారం ఆదివారం ఇంటికి వస్తుంది. ఈ వేసవి ముందు ఒక ఆదివారం వచ్చి, వేర్లు కొడుతున్న నా పక్కన కూర్చుని చెప్పింది. కాలేజీలో ప్రాజెక్టు చేయాలంట. ఏదైనా ఒక మందు చెట్టు తీసుకుని అందులో యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉందో లేదో పరీక్షించి చూపాలంట.

"అందరూ తులసి, వేప, కలబంద అంటాండారు. నేను మన నన్నారి అని చెప్పేసినా" అంది.

"అంటే ఏందే అది?" అని అడిగాను.

"వంకాయ కోసి పెడితే నల్లబడతాది కదమ్మా?"

"నీళ్లల్లో ఏస్తే నల్లబడదు."

"సరేలే. గాలి తగిలి అట్ల నల్లబడేదాన్నే ఆక్సీకరణం అంటారు. అట్లాంటిదే మన ఒంట్లో కూడా కొంచెం కొంచెం జరుగుతాంటాది. దాన్ని నిదానం చేసేవాటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు."

మంచం మీద పడుకున్న మా ఆయన తల ఎత్తాడు. "అయితే ఇంగ షర్బత్‌లో వంకాయ ముక్కలు ఏసి అమ్మాల్నా?"

"నాయనా, నువ్వు పడుకో."

పరీక్ష ఎట్లా చేస్తారో కూడా చెప్పింది. ఊదా రంగు మందు ఒకటి ఉంటుందంట. అందులో వేరు రసం వేస్తే, ఆ గుణం ఉంటే ఊదా పోయి పసుపు తిరుగుతుంది. లేకపోతే రంగు అలాగే నిలబడుతుంది. ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. పట్టు దారాలకు రంగులు వేసే ఊళ్లో పుట్టినదాన్ని. రంగు నిలవడం, రంగు పోవడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. అక్కడ రంగు పోతే మా నాయన తిట్టేవాడు. ఇక్కడ రంగు పోవాలని నేను మొక్కుకోవాలి.

అప్పుడు నాకు లోపల ఒకటి అనిపించింది. ఆ డ్రైవరుకు చెప్పలేని జవాబు ఈ పరీక్ష చెబుతుంది. రంగు పోతే నా మాటకు బలం. పోకపోతే ఇన్నేళ్లు బండి దగ్గర నేను చెప్పింది వట్టి గాలి. అమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు. వేర్లు కొడుతూ ఉండిపోయాను.

"వేరు నీళ్లు మాత్రమే కావాలమ్మా. చక్కెర వద్దు, ఇంకేమీ వద్దు" అని చెప్పి ఆమె సోమవారం వెళ్లిపోయింది. నేను శుభ్రమైన గిన్నెలో కాచి, చల్లార్చి, గుడ్డలో వడకట్టి సీసాలో పోశాను. మా ఆయన ఆ సీసా తీసుకుని పొద్దున బస్సుకు హిందూపురం పోయి, కాలేజీ గేటు దగ్గర ఇచ్చి వచ్చాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఫోను. అమ్మాయి మాట కంటే ముందు అరుపు వినిపించింది. "పోయిందమ్మా! ఏసిన ఎంటనే పోయింది!" వీడియో కూడా పంపింది. సన్నటి గాజు గొట్టంలో ముదురు వంకాయ రంగు. అందులో మా నీళ్లు నాలుగు చుక్కలు పడగానే కళ్ల ముందే పసుపైపోయింది. నేను ఆ వీడియోను బండి దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపించాను. చక్కెర కొట్టు ఆయనకు, అరటిపండ్ల ఆమెకు, తెలియనివాళ్లకు కూడా.

మా ఆయన ఊరుకునే రకమా? హిందూపురం పోయి ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు. "ల్యాబ్‌లో నిరూపించిన యాంటీ ఆక్సిడెంట్ నన్నారి" అని ఎర్రటి అక్షరాలు. పక్కన పచ్చటి ఆకు బొమ్మ. అది మా చెట్టు ఆకు కాదు, పుదీనా ఆకు. అడిగితే "వాళ్ల కాడ అదే ఉండాది" అన్నాడు.

డ్రైవరు బస్సు దిగి ఫ్లెక్సీ మొత్తం నిదానంగా చదివాడు.

"ఇన్నాళ్లూ ఉట్టి షర్బత్ తాగితిమి. ఇంగ ల్యాబ్ తాగాల్నా ఏందప్పా?"

"చదువుకున్నోళ్లు చూసి చెప్పినారు" అన్నాడు మా ఆయన, మీసం మీద చెయ్యి వేసి.

"అయితే రేటు పెరిగిందా?"

"నీకు మాత్రమే పెంచుతాము" అన్నాను నేను. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. కాలేజీలో ప్రాజెక్టు చూసే మేడం ఒక్కసారి చేసింది చాలదని చెప్పిందంట. అమ్మాయి దగ్గర ఇంటి నుంచి తీసుకుపోయిన ఎండు బెరడు ఉంది. దాన్ని అక్కడే నానబెట్టి, కాచి, మళ్లీ పరీక్ష చేసింది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ముఖం వాడిపోయి ఉంది. సంచి కూడా భుజం నుంచి దించలేదు.

"ఏమైందే?"

"రంగు పోలేదమ్మా."

"అదే వేరు కదా?"

"అదే వేరు. అదే మందు. మొదటి తూరి క్షణంలో పోయింది. ఇప్పుడు చూస్తే అట్లే ఉండాది. ఏది నిజమని మేడం అడుగుతాండాది. నేనేం చెప్పాల?"

ఇద్దరం గడప మీద కూర్చుని మొదటి నుంచి లెక్క వేసుకున్నాము. గిన్నె ఏది, నీళ్లు ఎక్కడివి, ఎంతసేపు కాచాను, ఏ గుడ్డలో వడకట్టాను. మా ఆయన లోపలి నుంచే సలహాలు ఇస్తున్నాడు. "మీ కాలేజీ నీళ్లు ఉప్పు. నేనప్పుడే చెప్పినా." "ఆ మందే పాతదేమో." "మేడం కండ్లద్దాలు మార్చాల్సి ఉంటాది."

అమ్మాయి విసుగుతో అడిగింది. "నాయనా, ఆ పొద్దు సీసా నీ చేతికి వచ్చినాక యాడన్నా ఎండలో పెట్టినావా?"

"ఎండలో యాడ పెడతాను? ఒళ్లోనే పెట్టుకోని పోయినా. గేటు కాడ మూత తీసి నిమ్మకాయ పిండి, బాగా కలిపి మరీ ఇచ్చినా."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

"ఏం పిండినావు?"

"నిమ్మకాయ. మల్ల? పులుపు లేకుండా కాలేజీ మేడం కాడికి ఎట్లంపిస్తారు? వేరు కడిగిన నీళ్లు అనుకోదా? మన బండి పరువేం కావాల?"

అమ్మాయి తల మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, రెండూ కలిసే వచ్చాయి.

"నాయనా, ఆ పరీక్షలో మేము కొలతకు పెట్టుకునేదే సి విటమిను! నిమ్మకాయలో ఉండేది అదే. తూకం రాయిని సరుకుతోపాటు తట్టలో ఏసి తూచినట్టు చేసినావు నువ్వు."

ఆయన లేచి గడప దాకా వచ్చాడు. "అయితే నాకు ఫస్టు మార్కు రావాల్సిందే కదా?"

నవ్వక తప్పలేదు. కానీ నవ్వు అయిపోయాక ఫ్లెక్సీ సంగతి వచ్చింది. అమ్మాయి తీసేయమంది. "నిరూపించిన అని రాసుంది. ఏం నిరూపించినాము? నిమ్మకాయను." ఆయన అలిగి ఆ పూట మజ్జిగన్నం వద్దని లేచిపోయాడు. మరుసటి రోజు పొద్దున నేనే తాళ్లు విప్పి, ఫ్లెక్సీ చుట్టి, దాన్ని వాన నీళ్లు పడే చోట కట్టెల మీద కప్పాను.

ఫ్లెక్సీ తీయడం సులభమే. నోరు కట్టుకోవడమే కష్టం. ఎవరైనా గ్లాసు అందుకోగానే "రక్తం" అని నాలుక దాకా వచ్చి ఆగిపోయేది. చంటిబిడ్డతో ఉన్న ఒకామె "చలువ చేస్తాదా అక్కా?" అని అడిగింది. ఐసు డబ్బా చూపించి "చల్లగానే ఉంటాదమ్మా, ఐసు ఏసినాము కదా" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

డ్రైవరు కూడా కనిపెట్టాడు. "ఏమక్కా, బోర్డు పీకినారు? రక్తాలు కడిగే పని మానుకున్నారా?"

"పరీక్ష జరుగుతాంది. అయినాక చెప్తా" అన్నాను. ఆయన గ్లాసు అందుకుని పక్కకు జరిగాడు. నా ముఖం చూసి ఉంటాడు.

తర్వాత అమ్మాయి ఫోను చేసింది. తను వేరు నీళ్లు మరీ పలచగా కాచిందని, వేసిన వెంటనే చూసి వదిలేసిందని, ఈసారి చిక్కగా చేసి కాసేపు ఆగి చూడాలని మేడం చెప్పిందంట. "మీ అమ్మను కూడా రమ్మను, ఇంట్లో కాచినట్టే కాచి తెమ్మను" అందంట. మూడు సీసాలు కావాలంది. ఒకటి వేరు నీళ్లు, ఒకటి నిమ్మకాయ నీళ్లు, ఒకటి మేము బండి మీద అమ్మే షర్బత్. ఒకదానితో ఒకటి కలవకుండా మూతలకు మూడు రంగుల పట్టుదారం పోగులు కట్టాను. పుట్టింటి అలవాటు.

"నేను తీసుకోని పోతాలే" అన్నాడు మా ఆయన.

"వద్దు. నేనే పోతా."

"నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్ముతా. నీ జేబీలో నిమ్మకాయనే నమ్మను."

కాలేజీ ల్యాబ్ గడప దగ్గర నేను చెప్పులు విడిచాను. మేడం చూసి, "వేసుకోండమ్మా, కింద గాజు పెంకులుంటాయి" అంది. చిన్న వయసే, నెమ్మది మనిషి. నాకు కుర్చీ వేయించింది. గాజు గొట్టాల్లో ఆ వంకాయ రంగు మందు వరసగా పోశారు. నిమ్మకాయ నీళ్లు పడగానే ఒక గొట్టం పసుపు. షర్బత్ పడగానే ఇంకొకటి పసుపు. వేరు నీళ్లు పడ్డ గొట్టం మాత్రం ఏమీ తెలియనట్టు అలాగే నిలబడింది. నేను కుర్చీ అంచుకు జరిగాను.

"ఇప్పుడే ఏమీ అనుకోకండి" అని మేడం గొట్టాలన్నీ బీరువాలో పెట్టి తలుపు మూసింది. వెలుగు తగలకూడదంట. అరగంట కూర్చున్నాము. అమ్మాయి నా పక్కన గోళ్లు కొరుకుతోంది. నేను కొట్టబోయి, ఇది కాలేజీ అని గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాను.

బీరువా తెరిచాక వేరు గొట్టం చూశాను. ఊదా లేదు. అట్లాగని పసుపూ కాదు. ఎన్నోసార్లు ఉతికిన పట్టుచీర అంచులాగా, వెలిసిన గులాబీకీ గోధుమ రంగుకూ మధ్యలో ఉంది. అమ్మాయి దాన్ని రంగు కొలిచే మిషన్లో పెట్టి అంకె చూసి, మళ్లీ ఇంకో గొట్టం పెట్టి చూసి, మేడం వైపు తిరిగింది.

"వేరులో ఉందమ్మా. నిమ్మకాయంత కాదు, కానీ ఉంది" అంది మేడం నాతో.

నాకు ఊపిరి వచ్చింది. అయినా అడగాల్సింది ఇంకా ఉంది. "మరి మేడం, తాగితే రక్తం శుభ్రమయితాదా?"

ఆమె నవ్వలేదు. "గాజు గొట్టంలో ఈ రంగు పోయిందా లేదా, అంతవరకే ఈ పరీక్ష చెబుతుంది. మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో దీన్ని బట్టి చెప్పలేమమ్మా. షర్బత్ బాగుంటుంది, అమ్ముకోండి. జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇది తాగి ఆసుపత్రి మానుకోకుండా చూడండి. అంతే."

బస్సులో వస్తూ ఆ మాటే నెమరేసుకున్నాను. కొంత వచ్చింది, కొంత పోయింది. వచ్చింది నాకు చాలనిపించింది. కిటికీలో నుంచి గాలి కొడుతుంటే కునుకు కూడా పట్టింది.

మరుసటి రోజు డ్రైవరు వచ్చినప్పుడు నేనే ముందు మొదలుపెట్టాను.

"పరీక్ష అయిపాయప్పా. వేరులో గుణం ఉండాదంట. నిమ్మకాయంత లేదంట. రక్తం సంగతి నాకు తెల్దు, వాళ్లకూ తెల్దంట."

"మరి ఇన్నాళ్లూ నువ్వు చెప్పింది?"

"మా అత్త చెప్పింది చెప్పినా. ఇప్పుడు మా బిడ్డ చూసింది చెప్తాండా."

ఆయన తల గోక్కున్నాడు. "నిమ్మకాయలోనే ఎక్కువుంటే, ఉట్టి నిమ్మకాయ నీళ్లే తాగితే పోలే?"

"తాగు. అదీ మేమే అమ్ముతాము."

"అబ్బా, నీతో గెలవలేమక్కా. నన్నారే ఇయ్యి" అని గ్లాసు తీసుకుని, ఈసారి నిలబడి మాట్లాడకుండా స్టూలు మీద కూర్చుని నిదానంగా తాగాడు.

అమ్మాయి ప్రాజెక్టు చెప్పాల్సిన రోజు దగ్గరికి వచ్చింది. "మొదటి తూరి జరిగింది వదిలేసి, ఇప్పుడు వచ్చింది చెబితే సాలదా?" అని నేను అడిగాను. బయటి కాలేజీ సారు వస్తాడంట, ఆయన ముందు నవ్వులపాలు అవుతుందేమోనని నా భయం.

"అన్నీ చెప్తానమ్మా. అదీ జరిగిందే కదా" అంది.

చెప్పింది. నిమ్మకాయ మాట రాగానే గది మొత్తం నవ్విందంట. బయటి సారు కళ్లద్దాలు తీసి, "ఎవరమ్మా పిండింది?" అని అడిగాడంట.

"మా నాయన సార్."

"మరి ఇప్పుడాయన ఏం చేస్తున్నారు?"

"ఇంకా పిండుతూనే ఉన్నారు సార్."

అందరికంటే గట్టిగా ఆ సారే నవ్వాడంట. ఆ తర్వాత వేరు ఎక్కడ దొరుకుతుంది, ఎట్లా ఆరబెడతారు అని చాలాసేపు అడిగి, బాగా చేశావని చెప్పి పంపాడంట. ఈ సంగతి చెబుతుంటే మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా రెండోసారి చెప్పించుకున్నాడు.

ఇప్పుడు బండి దగ్గర నా మాటలు తగ్గాయి. "నన్నారి, బాగుంటాది, తాగి చూడండి" అంటాను. మంట, నొప్పి అని చెప్పుకునేవాళ్లకు గ్లాసు ఇచ్చి, డాక్టరు దగ్గరికి కూడా పోయి రమ్మంటాను. గిరాకీ ఏమీ తగ్గలేదు. ఎండ ఉన్నంతకాలం దాహం ఉంటుంది. ముందు నేను గబగబా చెప్పి పంపేదాన్ని. ఇప్పుడు వాళ్లు తాగేంతసేపు ముఖాలు చూస్తూ నిలబడతాను. ఆఖరి గుక్క అయ్యాక చాలామంది "ఆహా" అంటారు. ఆ మాట నేను చెప్పించింది కాదు, వాళ్లదే.

రాయాలనుకున్నది ఇంతే. తప్పులు చాలా ఉంటాయని నాకు తెలుసు. అక్షరం కుంటినా నేను చెప్పదలిచింది మీ దాకా వచ్చి ఉంటే సంతోషం. చదువు తక్కువ మనిషి రాసిందని పెద్ద మనసుతో తప్పులన్నీ మన్నించమని చేతులు జోడించి అడుగుతున్నాను.